రెండు నాలుకల గంగమ్మ

మనిషి నోరు తెరిచి రెండు వాక్యాలు మాట్లాడితే చాలు, ఏ జిల్లా నుంచి వచ్చాడో చెప్పేయగలనని నాకో గొప్ప ఉండేది. సర్కారు బడిలో తెలుగు పంతులుగా చేసి రిటైరైనవాణ్ణి, ఆపాటి గొప్ప ఉండటంలో తప్పు లేదనుకుంటాను. పుట్టింది బందరులో. ఉద్యోగం, ఇల్లు, ముసలితనం అన్నీ చందానగర్‌లో. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని వీధిలో పోయేవాళ్ల మాటలు విని ఇతనిది గుత్తి, ఆవిడది గజ్వేలు, ఈ కుర్రాడిది తణుకు అని మా ఆవిడకు చెప్పేవాణ్ణి. ఆవిడ వినేది కాదు, అది వేరే సంగతి.

ఆ గొప్పను గంగమ్మ ఒక్క పూటలో తుస్సుమనిపించింది.

గంగమ్మది మా ఎదురిల్లు. పెళ్లికుండల మీద రంగుల గీతలు గీస్తుంది. భర్త ఎల్లయ్య పాత చందానగర్ కుమ్మరి. చెరువు మట్టి మీదికి అపార్ట్‌మెంట్లు వచ్చాక అతను కుండలు చేసే సారెను పెరట్లో బోర్లించి, నీలం యూనిఫాం వేసుకుని, మాదాపూర్‌లో ఒక అద్దాల భవనం గేటు దగ్గర సెక్యూరిటీ పనిలో చేరాడు. గంగమ్మ మాత్రం గీతలు గీసే పుల్ల వదల్లేదు. పటాన్‌చెరు అవతలి నుంచి ఉత్త కుండలు ఆటోలో తెప్పించుకుంటుంది. వాటికి సున్నం పూసి, ఎర్రటి జాజు, పసుపు, నీలిమందు తుమ్మబంకలో కలిపి, చివర నమిలిన ఈతపుల్లతో గీస్తుంది. ఆమె గీస్తున్నప్పుడు చూస్తే పుల్ల కదలదు, కుండే కదులుతుంది.

వాళ్లు ఆ ఇంటికి ముందు గది కట్టుకుని, అరుగు వేసుకున్న కొత్తలో ఒక పొద్దున పేపరు చదువుకుంటున్నాను. "ఏందయ్యా, జర అంబలి తాగి పోతవా, గట్లనే పోతవా?" అని మొగుణ్ణి అడుగుతోంది. సరే, ఈ పక్క మనిషే అని తేల్చేశాను. కాసేపటికి నిజాంపేట నుంచి ఒక కర్నూలు ఆవిడ కుండలు చూడటానికి వచ్చింది. "రాక్కా, ఏంటికట్ల నిలబడినావు, కూర్చో. అంతా బాగుండారా?" అంటోంది అదే నోరు. నేను పేపరు దించాను. ఆవిడ వెళ్లిపోయాక నా వైపు చూసి, "కాఫీ అయిందాండి సారూ?" అంది. ఆ "అండి" అచ్చం మా మేనత్త అన్నట్టే ఉంది.

ఇక ఉండబట్టలేక లేచి వెళ్లి అడిగేశాను. "గంగమ్మా, అసలు నీది ఏ ఊరు?"

"అలంపురం పక్కన పల్లె అండి. తుంగభద్ర ఒడ్డు. మాకు సంత కర్నూలు, ఆసుపత్రి కర్నూలు, గాజులు వేయించుకోవాలన్నా కర్నూలే. జిల్లా మాత్రం పాలమూరండి."

నదికి ఇవతల పుట్టింది కాబట్టి మ్యాపు ప్రకారం తెలంగాణ. అవతలి ఒడ్డు మాటలు వింటూ పెరిగింది కాబట్టి నోటి ప్రకారం సీమ. కాపురం చూస్తే చందానగర్. "మరి ముగ్గురితో మూడు రకాలుగా మాట్లాడుతున్నావేమిటి?" అంటే తెల్లబోయింది. "నేనా? నేను ఒక్క తీరుగనే మాట్లాడతా గదండి," అంది. ఆ ఒక్క వాక్యంలోనే రెండు రకాలున్నాయి. ఆమెది నటన కాదు, వెటకారం అంతకన్నా కాదు. ఎదుటిమనిషి ఏ మాటతో వస్తే ఆ మాట ఆమె నోట్లోంచి దానంతటది వచ్చేస్తుంది, అలా వస్తున్నట్టు ఆమెకే తెలియదు. నేను తల గోక్కుంటూ ఇంటికొచ్చాను.

పెళ్లికుండల సంగతి కొంచెం చెప్పాలి. పెళ్లివారి ఆడవాళ్లు డప్పులతో కుమ్మరి ఇంటికి వచ్చి, పసుపు కుంకుమలు ఇచ్చి, రంగులు వేసిన కుండలను తలల మీద పెట్టుకుని తీసుకెళ్తారు. పందిట్లో దేవుడి పక్కన నిలబడేవి అవే. సీమవాళ్లు వాటిని అరివేణి కుండలంటారు. ఈ పక్కవాళ్లు ఐరేని కుండలంటారు. పెళ్లిళ్లలోకి డీజేలు వచ్చాయి, వీడియోలు వచ్చాయి, బఫేలు వచ్చాయి. అయినా ఆ కుండలు లేకుండా పెళ్లి చేయడానికి రెండు పక్కలవాళ్లకూ ధైర్యం చాలదు.

గంగమ్మకు రెండు రకాల పని వచ్చు. ఒకటి వాళ్లమ్మది, ఒకటి అత్తది. వాళ్లమ్మ కుండను ఒళ్లో నిలబెట్టుకుని మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి గీసేది. ఏటి ఒడ్డు మనిషి కదా, ఆమె గీతల పేర్లన్నీ ఏటివే. చేపముల్లు, అల, ఇసుక. అత్త అలా కాదు. కుండను మోకాలి మీద బోర్లించి అడుగు నుంచి మొదలుపెట్టేది. ఆమె జొన్నలు అనేది, పాముమెలిక అనేది, ఈతమట్ట అనేది. అత్త గట్టి మనిషి. కొత్త కోడలు పుట్టింటి తీరులో కుండ ఒళ్లో పెట్టుకోగానే చేతిలో పుల్ల లాక్కుని, "మీ ఏటి గీతలు మీ ఊర్ల గీసుకో. ఈ ఇంట్ల మా గీతలే నడుస్తయ్," అందట. గంగమ్మ ఏడ్చుకుంటూ అత్త పని నేర్చుకుంది. అత్త ఉన్నన్నాళ్లూ కుండ బోర్లించే గీసింది. ఆమె పోయాక, కూకట్‌పల్లి, నిజాంపేట వైపు సీమవాళ్లు నిండి అరివేణి కుండలు కావాలని వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టాక, మళ్లీ కుండను ఒళ్లోకి తీసుకుంది.

ఒక ఏడు తుంగభద్రకు వచ్చిన పెద్ద వరదలో అలంపురం వైపు పల్లెలు మునిగిపోయాయి. గంగమ్మ తల్లి అంతకు చాలా ముందే పోయింది కానీ, ఆమె గీతలు గీసిన గోడ ఒకటి పుట్టింట్లో ఉండేది. నీళ్లు తీశాక గోడ లేదు. చూసి వచ్చిన రోజు గంగమ్మ మా అరుగు మీద కూలబడి, "మాయమ్మ ఇంక నా చేతిలోనే ఉండాది సారూ. ఈ చెయ్యి మర్సిపోతే ఆయమ్మ ల్యాకుండా పోతాది," అని ఏడ్చింది. నాతో ఎప్పుడూ "అండి" తగిలించే మనిషి ఆ రోజు తగిలించలేదు. సీమ పెళ్లి ఏది వచ్చినా గంగమ్మకు పండగ ఎందుకో నాకప్పుడు అర్థమైంది.

ఆ వరద వచ్చిన రెండేళ్లకు, ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. హైవే పక్కన టెంటు లేచింది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశారు. ఎల్లయ్య డ్యూటీ దిగి తిన్నగా టెంటుకు వెళ్లి కూర్చునేవాడు. గంగమ్మ కూడా పెద్ద కుండ పట్టుకెళ్లి రోడ్డు మీద అంబలి కాచింది. వాళ్లు అడిగేది న్యాయమేనని నాకూ అనిపించేది, కానీ బందరువాణ్ణి కాబట్టి ఆ మాట గట్టిగా అనాలో మెల్లగా అనాలో తెలిసేది కాదు. ఇన్నాళ్లూ "బాగున్నారా" అని పలకరించినవాళ్లు "మీదేవూరు" అని పలకరించడం మొదలుపెట్టారు. నేను సరదాకి వేసుకునే ప్రశ్నను ఊరంతా కోపంగా వేసుకుంటోంది. కూరగాయల బండివాడు అడిగినా గుటకలు మింగేవాణ్ణి. అరుగు మీద కూర్చోవడం తగ్గించేశాను.

ఆ రోజుల్లోనే సుబ్బరాయుడు వచ్చాడు. నంద్యాల వైపు మనిషి, నిజాంపేటలో ప్లాట్ల వ్యాపారం. తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు. "చెల్లీ, పిల్ల పెండ్లి పెట్టుకున్నాము. అరివేణి కుండలు కావల్ల. మన పక్క ఎట్ల చేస్తారో అట్లనే ఉండాల. నువ్వు మన మనిషివని తెలిసి వెతుక్కుంటా వచ్చినా," అన్నాడు.

గంగమ్మ మొహం వెలిగిపోయింది. "అట్లనేన్నా. మాయమ్మ చేతి పని ఎట్లుంటాదో సూస్తువులే. అల్లునిది యా ఊరు?"

"ఈడనేలే," అని సుబ్బరాయుడు మాట దాటేసి, కుండలు ఎంత పెద్దవి ఉండాలో చెప్పడంలో పడ్డాడు.

ఆ వారంలోనే సత్తెమ్మ వచ్చింది. ఆమెది సిద్దిపేట పక్క, ఎల్లయ్యకు దూరపు చుట్టం, టెంటులో ముందు వరస మనిషి. నినాదం ఎత్తుకుంటే హైవే అవతలికి వినబడేది. "చెల్లె, మా పోరనిది లగ్గం. ఐరేని కుండలు జర మంచిగ రాయాలె. మీ అత్త రాసినట్టే ఉండాలె. నువ్వు మనదానివి, నీకు చెప్పేదేముంది?" అంది.

"ఫికర్ చెయ్యకక్కా, గట్లనే రాస్త. కోడలిది ఏ ఊరు?"

"ఆఫీసుల పనిచేసే పిల్లనే," అని సత్తెమ్మ కొంగు సర్దుకుంది.

రెండూ ఒకే పెళ్లికని గంగమ్మకు తెలియదు, తెలిసే దారీ లేదు. సుబ్బరాయుడి కూతురు శిరీష, సత్తెమ్మ కొడుకు అనిల్ హైటెక్ సిటీలో ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడ్డారు. రెండిళ్లవాళ్లూ మూతులు ముడుచుకునే ఒప్పుకున్నారు. టెంటులో ముందు కూర్చునే సత్తెమ్మ, ఆంధ్ర పిల్లను కోడలిగా తెచ్చుకుంటున్నానని ఆ ఏడు నలుగురిలో ఎలా చెబుతుంది? సుబ్బరాయుడికీ తన వాళ్ల దగ్గర అదే అవస్థ. నిశ్చితార్థం నాడు కుండలు ఎవరు తేవాలన్న దగ్గర మాట పెరిగిందట. తేలకుండానే లేచిపోయి, మేమే తెస్తామని ఎవరికి వారు మనసులో ఖాయం చేసుకున్నారు. ముహూర్తం ఒకే రోజైనా గంగమ్మకు వింతగా తోచలేదు. దసరా వెళ్లాక వచ్చే మంచి ముహూర్తానికి ఊళ్లో పెళ్లిళ్లకు కొదవేముంది?

గంగమ్మ పొద్దున పూట అమ్మ కుండలు, మధ్యాహ్నం నుంచి అత్త కుండలు గీసింది. పొద్దున చూస్తే మెత్తగా కూర్చుని, కుండను పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని ఏదో సణుక్కుంటూ ఉండేది. మధ్యాహ్నం చూస్తే నడుము నిటారుగా ఉండేది, అత్త వెనక నిలబడి చూస్తున్నట్టు. అమ్మ కుండలు ఆరాక ముందు గదిలో పెట్టి గుడ్డ కప్పింది. అత్త కుండలు బోర్లించినవి బోర్లించినట్టే వెనక రేకుల షెడ్డులో ఉంచింది. "కలిసిపోతే పరేషాన్ అయితది సారూ," అంది. రెండూ ఎంత వేరుగా ఉంటాయో నాకు వివరించి చెప్పింది. నేను ఊఁ కొట్టాను.

పెళ్లినాడు పొద్దున వీధి ఈ చివర డప్పులు మోగాయి. సత్తెమ్మ ఆడవాళ్లను వెంటేసుకుని నడిచి వస్తోంది. అదే సమయానికి ఆ చివర రెండు కార్లు ఆగి, అందులోంచి సుబ్బరాయుడు, ఆయన భార్య, పట్టుచీరల ఆడవాళ్లు, సన్నాయి మేళం దిగారు. రెండు గుంపులూ గంగమ్మ ఇంటి ముందు ఎదురుపడి ఆగిపోయాయి. డప్పు ఆగింది, సన్నాయి ఆగింది.

"మీరెందుకొచ్చిండ్రు?" అంది సత్తెమ్మ.

"కుండలకు. మీరేంటికొచ్చినారు?" అన్నాడు సుబ్బరాయుడు.

"ఐరేని మాది. పిలగానోళ్లం మేమే తెస్తమని ఆనాడే చెప్పినం."

"అరివేణి పిల్లోళ్లు తెచ్చేది. తరాల నుంచి అంతే. పైగా ఈయమ్మ మా మనిషి. మా పక్క మాట, మా పక్క పని."

"ఏందీ? మీ మనిషా? మా ఎల్లయ్య పెండ్లాం ఇది. మాతోని రోడ్డు మీద అంబలి కాచింది. నీ మనిషెట్లయితది?"

నేను ఊరుకోవచ్చు కదా. తెలుగు పంతుల్ని, నోరు దురద. మధ్యలోకి వెళ్లి, "అమ్మా, అయ్యా, అరివేణి అన్నా ఐరేని అన్నా ఒకటే మాట, పలకడంలోనే తేడా," అని మొదలుపెట్టాను. అప్పటిదాకా ఒకరినొకరు మింగేసేలా చూసుకుంటున్నవాళ్లు ఇద్దరూ నా మీదికి తిరిగారు. "మీరు ఊకోండి సారూ, మీది బందరు గద," అంది సత్తెమ్మ. "మీ కోస్తావాళ్లకేం తెలుసు సామీ మా సంగతి?" అన్నాడు సుబ్బరాయుడు. పొద్దుటినుంచి వాళ్లిద్దరూ ఏకమైంది ఆ ఒక్క విషయంలోనే. నేను కిక్కురుమనకుండా అరుగెక్కాను.

అప్పుడు సుబ్బరాయుడు గంగమ్మ వైపు తిరిగాడు. "చెల్లీ, నువ్వే చెప్పు. నువ్వు ఎవరి మనిషివి?"

"చెప్పు చెల్లె. అందరి ముంగట చెప్పు," అంది సత్తెమ్మ.

గంగమ్మ నోరు తెరిచింది. ఆయన వైపు చూసి "అన్నా" అనబోయి, సత్తెమ్మ వింటోందని ఆగింది. ఇటు తిరిగి "అక్కా" అనబోయి, ఆయన వింటున్నాడని ఆగింది. ఇన్నేళ్లలో ఈ రెండు మాటలవాళ్లూ ఒకేసారి ఆమె ముందు నిలబడింది లేదు. ఏ మాటలో మొదలుపెట్టాలో ఆమెకు తెలియడం లేదని, ఆ గుంపులో నాకొక్కడికే తెలిసి ఉంటుంది. తెలిసి ఏం లాభం, నన్ను ఎవరూ అడగలేదు.

మాట రాక, చేతికి ఏదో ఒక పని దొరికితే చాలన్నట్టు, గంగమ్మ లోపలికి పోయి కుండలు తేవడం మొదలుపెట్టింది. ముందు గదిలోవి ఎడమ పక్క వరసగా పెట్టింది. షెడ్డులోవి తెచ్చి, నిలబెట్టి కుడి పక్క వరసగా పెట్టింది. తలకెత్తుకునేవి కదా, అన్నీ నిలబెట్టే పెట్టాలి. చివరి కుండ పెట్టి, వెనక్కి జరిగి, చూసింది. మేమూ చూశాం.

"ఇవ్వన్నీ ఒక్క తీరుగనే ఉన్నయ్ గదనే," అంది డప్పుల గుంపులో ఒకామె.

నిజమే. ఎడమ పక్క మెడల మీద ఏ గీతలున్నాయో కుడి పక్క మెడల మీదా అవే. ఆమె చేపముల్లు అన్నదీ ఈతమట్ట అన్నదీ పక్కపక్కన పెడితే ఒకటే. అల అన్నదీ పాముమెలిక అన్నదీ ఒకటే. ఇసుకను జొన్నలంటే జొన్నలు, జొన్నలను ఇసుకంటే ఇసుక. నేను కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను.

ఒకటే గీతలని తెలిస్తే మనసులు కలుస్తాయని నాలాంటి పంతులు ఆశపడతాడు. అక్కడ జరిగింది వేరు. "ఏమి చెల్లీ ఇది? మన పక్క పని అడిగితే మాకు తెలంగాణోళ్ల కుండలు చేసిపెట్టినావా?" అన్నాడు సుబ్బరాయుడు. "మాకు ఆంధ్రోళ్ల గీతలు గీసిస్తవా?" అని సత్తెమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "టెంటుల మాతోని జై కొడ్తవ్, ఇంట్ల కూసోని వాళ్ల ముగ్గులేస్తవ్. రెండు నాల్కలదానివి గదనే నువ్వు!"

గంగమ్మ ఆ మాట విన్నట్టే లేదు. నేల మీద కూర్చుని, ఎడమ పక్క కుండ ఒకటి, కుడి పక్క కుండ ఒకటి దగ్గరికి లాక్కుని, ఒకదాన్ని బోర్లించి, ఒకదాన్ని నిలబెట్టి, మళ్లీ తిప్పి, వేలితో గీతల వెంట తడుముతోంది.

అంతలో పెళ్లికొడుకు అనిల్ బైకు మీద వచ్చాడు, నుదుట కళ్యాణతిలకంతోనే. "అమ్మా, జల్దీ! మీ టెంటోళ్లే రోడ్డు బంద్ చేస్తుండ్రు. హాలుకు పోవుడు కష్టమైతది." తర్వాత కుండల్ని చూసి, "ఇందుల మనయి ఏవి, వాళ్లయి ఏవి?" అన్నాడు. హైవే మీద నినాదాలు లేచాయి. అంతే, ఆడవాళ్లంతా వరసలు చూడకుండా ఎవరికి దొరికిన కుండ వాళ్లు ఎత్తుకున్నారు. పట్టుచీరలవాళ్ల తలల మీదికి కుడి పక్కవీ వెళ్లాయి, డప్పులవాళ్ల తలల మీదికి ఎడమ పక్కవీ వెళ్లాయి. గంగమ్మ చేతుల్లో ఉన్న రెండు కుండల్ని కూడా ఎవరో లాక్కుపోయారు.

పెళ్లి అయింది. పందిట్లో రెండింతల కుండలు నిలబడ్డాయని, పురోహితుడు అన్నింటికీ అక్షింతలు చల్లి ముందుకు సాగాడని విన్నాను. పిల్లలిద్దరూ సుఖంగానే ఉన్నారు. వీధిలో మాత్రం గంగమ్మకు రెండు నాలుకల గంగమ్మ అనే పేరు స్థిరపడింది. కొందరు కోపంతో అన్నారు, కొందరు సరదాకి అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

ఆమె బాధ ఆ పేరు గురించి కాదు. రెండు మూడు రోజులకు మా అరుగు మీదికి వచ్చి కూర్చుంది. "సారూ, మాయమ్మ పని యాడ పోయిందో నాకు తెల్వడం ల్యా," అంది. "అత్త పని అన్నేండ్లు చేసినా కదా. ఆమె గీతలు మా అమ్మ గీతలను మింగినయా? నేను అమ్మవి అనుకుంట అత్తవే గీస్తున్ననా? ఎప్పటిసంది? వరదల గోడ పోయింది. చేతిల ఉన్నదనుకున్న. చేతిల గూడ ల్యాదు."

"పేర్లు వేరు కదమ్మా," అన్నాను. ఎంత పనికిమాలిన మాట! ఆమె లేచి వెళ్లిపోయింది.

ఆ తరవాత గంగమ్మ పుల్ల ముట్టలేదు. కుండలు కావాలని వచ్చినవాళ్లను చేత్తోనే వద్దని పంపేసేది. మాట్లాడాల్సి వస్తే నోరు తెరిచి, ఒక క్షణం ఆగి, ఆచితూచి అనేది. నాతో కూడా అంతే. ఎదురుపడితే తల ఊపేది. ఆమె "అండి" వినకపోతే నాకు కాఫీ తాగినట్టు ఉండేది కాదు. సమ్మె ముగిసింది, బస్సులు తిరిగాయి, ఎల్లయ్య మళ్లీ అద్దాల భవనం దగ్గరికి వెళ్తున్నాడు. ఆ ఇల్లు మాత్రం తేరుకోలేదు.

ఒక మధ్యాహ్నం మా ఆవిడ పులిహోర ఇచ్చి రమ్మంటే వెళ్లాను. ఎల్లయ్య పొద్దుటి డ్యూటీ దిగి వచ్చి అన్నం తింటున్నాడు. "కూసోండి సార్," అని పీట చూపించాడు. గంగమ్మ నా చేతిలోది అందుకుని పక్కన పెట్టింది.

"ఏందే, పొద్దంత గిట్లనే కూసుంటవా? పని మొదలువెట్టు," అన్నాడు ఎల్లయ్య.

"ఎవరి పని మొదలుపెట్టాల? మీ అమ్మ పనే మిగిలింది. మా అమ్మది పోయింది."

ఎల్లయ్య ముద్ద నోట్లో పెట్టుకుంటూ నవ్వాడు. "మా అమ్మకు పని ఏడిదే? నువ్వొచ్చేదాక మా ఇంట్ల కుండలకు సున్నం బొట్లు పెట్టుడు తప్ప ఏం రాదు."

గంగమ్మ కదలకుండా అతన్ని చూసింది. నేనూ చూశాను.

"మన లగ్గంల మీ అమ్మ రాసిన కుండలు పెట్టిండ్రు గద. మా అమ్మ అవ్వి చూసి ఆగమైంది. అందరు బువ్వకు కూసుంటే ఆమె పందిట్ల ఆ కుండల ముంగట కూసున్నది. ఎంత పిలిచినా లేవలే. ఇంటికొచ్చినంక పెరట్ల నేల మీద బొగ్గుతోని అవ్వే గీసుకునుడు. కుండ నిలబెట్టి గీస్తే చెయ్యి వణికేది, బోర్లిచ్చుకుంటె కుదిరింది. చేపముల్లు గిట్ల అంటే నలుగురు ఏమంటరో అని ఆమెనే వేరే పేర్లు పెట్టుకున్నది."

"మరి నా చేతిలో పుల్ల ఏంటికి లాక్కునింది?" గంగమ్మ గొంతు పైకి లేచింది. "మా గీతలు నేర్చుకో అని నన్నెంత ఏడిపిచ్చింది?"

"కోడలి పుట్టింటి పని నేర్చిన్నంటే ఇజ్జత్ పోదా? అత్త గద."

"ఇన్నేండ్లు నాకు చెప్పవైతివి."

"నువ్వెప్పుడన్న అడిగినవా? ఆడోళ్ల ముగ్గుల సంగతి నాకేం మతికుంటది? జర మజ్జిగ పొయ్యి."

గంగమ్మ మజ్జిగ పోయలేదు. మొహం మీద కోపం వచ్చింది, పోయింది. నవ్వు వచ్చింది, అదీ నిలవలేదు. తరవాత కళ్ల నిండా నీళ్లు నిండాయి. గోడకు మేకు కొట్టి తగిలించిన అత్త ఫోటో ఒకటుంది, పెద్ద బొట్టు, బిగించిన పెదవులు. కొంగుతో మొహం తుడుచుకుని ఆ ఫోటో వైపు తిరిగి, బతికున్న మనిషితో తగవు పడుతున్నట్టే అంది.

"నన్ను అడిగుంటే నేనే నేర్పిస్తుంటి గదత్తా."